మీకు తెలుసా? కొత్త హెడ్‌సెట్‌కు పాత ఫోన్ భాష కూడా వచ్చు!

ఈ ఏడాది కొన్న బ్లూటూత్ హెడ్‌సెట్ చాలావరకు 15 ఏళ్ల నాటి ఫోన్‌లోని పాటను కూడా వినిపించగలదు. ఏ ఇంటి బీరువాలోనో మూలనపడ్డ ఫోన్ కూడా ఇందుకు పనికి రావచ్చు.

● కారణం ఎస్‌బీసీ. పాటను కుదించి గాలిలో పంపే పద్ధతి ఇది. 2003లో వచ్చిన ఏ2డీపీ ప్రమాణాన్ని పాటిస్తూ బ్లూటూత్‌లో స్టీరియో పాటలు పంపే, అందుకునే ప్రతి పరికరానికీ ఇది తెలిసి ఉండాల్సిందే. ఏఏసీ, ఆప్ట్ఎక్స్ వంటి ఇతర పద్ధతులు ఐచ్ఛికం. రెండువైపులా అవి లేకపోతే ఎస్‌బీసీయే దిక్కు.

● బ్లూటూత్ ఉన్నంత మాత్రాన చాలదు. ఏ2డీపీ లేని తొలితరం ఫోన్లలో హెడ్‌సెట్ కాల్స్‌కే పనికొస్తుంది. పాట నొక్కితే ఫోన్ స్పీకరే మోగుతుంది.

● 2020లో ప్రకటించిన బ్లూటూత్ 5.2, ఎల్ఈ ఆడియో అనే కొత్త విధానానికి దారి వేసింది. అందులో పాటను కుదించే పద్ధతి ఎస్‌బీసీ కాదు, ఎల్‌సీ3. కేవలం ఎల్ఈ ఆడియోతోనే నడిచే పరికరం పాత ఫోన్‌తో కలవదు. అందుకే చాలా కంపెనీలు పాత, కొత్త పద్ధతులు రెండూ ఇస్తున్నాయి.

● అసలు బ్లూటూతే లేని టీవీకి, రేడియోకు 3.5 మి.మీ. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే, అందులో చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ గుచ్చి, దాన్ని హెడ్‌సెట్‌తో జత చేస్తే చాలు.