ఉబ్బిన బ్యాటరీతో భద్రం!

కుకునూరుపల్లి రాజీవ్ రహదారి మీద ఉన్న ఊరు. ఇప్పుడు ఇటువంటి ఊళ్లలో దాదాపు ఇంటింటికీ సెల్‌ఫోను ఉంది. కరెంటు స్కూటర్లు కూడా వస్తున్నాయి. వీటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. అది ఎంతో పనికొస్తుంది. కానీ దెబ్బతింటే ప్రాణం మీదికి తెస్తుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో ఇట్లనే జరిగింది. రాత్రి స్కూటరు బ్యాటరీని ఇంట్లో ఛార్జింగు పెట్టి పడుకున్నారు. తెల్లవారకముందే అది పేలింది. 80 ఏండ్ల పెద్దాయన కాలిన గాయాలతో చనిపోయాడు.

బ్యాటరీ ఎందుకు మండుతుంది?

లోపల పలుచని రేకులు ఉంటాయి. ఒకటి రాగి రేకు. దానికి గ్రాఫైటు పూత ఉంటుంది. పెన్సిలుతో గీస్తే పడే నల్లని గీత కూడా గ్రాఫైటే. రెండోది అల్యూమినియం రేకు. దానికి లిథియం కలిసిన పూత ఉంటుంది. కొన్ని బ్యాటరీల పూతలో కోబాల్టు, నికెలు కలుపుతారు. కొన్నిటిలో ఇనుము, ఫాస్ఫేటు కలుపుతారు. ఇనుము రకం వేడికి కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది. అయినా జాగ్రత్త తప్పదు.

రెండు రేకుల నడుమ వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. నిప్పు అంటుకునే ద్రవం కూడా ఉంటుంది. బ్యాటరీ నలిగినా, మేకు గుచ్చుకున్నా ఆ పొర చినుగుతుంది. రెండు వైపులా కలిసిపోతాయి. ఒక్కసారిగా వేడి పుడుతుంది. ద్రవం ఆవిరై మండుతుంది.

లోపల పాడైతే గాలి పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఫోను వెనుక మూత లేస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, ఘాటు వాసన వచ్చినా ప్రమాదమే.

అప్పుడు ఏం చేయాలి?

- వెంటనే స్విచ్చి ఆపాలి. మళ్లీ ఛార్జింగు పెట్టరాదు.
- నొక్కరాదు, గుచ్చరాదు. పిల్లల చేతికి ఇయ్యరాదు.
- చల్లగా ఉంటే బయట పొడి ఇసుకలో పెట్టాలి. గడ్డివాముకు దూరంగా ఉంచాలి.
- పొగ వస్తే ముట్టుకోరాదు. పొగ పీల్చరాదు. అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి.
- చెత్త ట్రాక్టరులో వేయరాదు. అక్కడ నలిగితే మంట లేస్తుంది.

మరి ఎక్కడ ఇయ్యాలి? కొన్న దుకాణంలో, లేదా కంపెనీ సర్వీసు సెంటరులో అడగాలి. పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారుచేసినవారిదేనని 2022లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు.

ఈ పాఠం చదివినంక మీ ఇంట్లో ఫోను వెనుకవైపు చూడండి. మూత సమంగా ఉందా? లేచిందా?