ఆకు కనిపించని మందు మొక్క

ఉత్తర చైనా, మంగోలియాల ఇసుక నేలల్లో ఒక వింత మొక్క పెరుగుతుంది. చూస్తే పచ్చని చీపురు పుల్లల కట్టే! ఆకులు లేకపోలేదు, కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా అంటుకొని ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియ భారమంతా కాండానిదే. చైనావారు దీన్ని 'మా హువాంగ్' అంటారు. వృక్షశాస్త్రంలో పేరు ఎఫిడ్రా. సైకస్, పైన్‌ల మాదిరిగా ఇది వివృతబీజ మొక్క.

చైనా వైద్యులు సుమారు రెండు వేల ఏళ్లుగా దీని కాడలను వాడుతున్నారు. జలుబు చేసి, చలితో వణుకుతూ, చెమట పట్టని రోగికి కషాయం కాచి ఇస్తారు. అందులో దాల్చిన కొమ్మలు, ఆప్రికాట్ గింజలు, అతిమధురం కూడా వేస్తారు. చెమట పట్టిందా, ఇక మందు ఆపాలి. ఇది వారి పాత నియమం. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది. ఆయాసానికీ ఈ కాడలే మందు. తమాషా ఏమిటంటే, అదే మొక్క వేరును చెమట ఆపడానికి వాడతారు!

1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయి నగయోషి కాడల నుంచి ఎఫిడ్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. దాని విలువ లోకానికి తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. పెకింగ్‌లో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ అనే ఇద్దరు జంతువులపై ప్రయోగాలు చేసి, అది అడ్రినలిన్‌లా పనిచేస్తుందని 1924లో ప్రకటించారు.

ఉబ్బసం వచ్చినప్పుడు శ్వాసనాళికల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి. దారి ఇరుకై, ఊపిరి వదలడమే కష్టమవుతుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. అడ్రినలిన్ ఆ బిగువును సడలిస్తుంది కాని, మింగితే పనిచేయదు, సూది వేయాలి. ఎఫిడ్రిన్‌ను మింగవచ్చు. పైగా దాని ప్రభావం కొన్ని గంటలు నిలుస్తుంది. ఉబ్బస రోగులకు అదెంత ఊరటో ఊహించండి! తరువాత ఇంతకంటె మంచి మందులు వచ్చాయి. ఆపరేషన్ సమయంలో రక్తపోటు పడిపోతే మాత్రం డాక్టర్లు నేటికీ ఎఫిడ్రిన్ ఇస్తారు.

రక్తపోటును పెంచే ఆ గుణమే ప్రమాదం కూడా. గుండె వేగమూ పెరుగుతుంది. అందుకే ఆటగాళ్లకు దీన్ని నిషేధించారు. 1994 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల నుంచి మారడోనాను పంపివేసింది ఎఫిడ్రిన్ పరీక్షలో దొరికినందుకే.

ఇంతకంటె విచారకరమైన సంగతి అమెరికాలో జరిగింది. 1990ల్లో అక్కడ ఈ మూలికను ఒళ్లు తగ్గించే మాత్రలుగా అమ్మారు. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకొని, కెఫీన్‌తో కలిపి నెలల తరబడి మింగినవారున్నారు. కొందరికి గుండెపోటు, కొందరికి పక్షవాతం వచ్చాయి. ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. 2004లో అమెరికా ప్రభుత్వం ఆ మాత్రలను నిషేధించింది. చైనా వైద్యుడు చెమట పట్టగానే ఆపమన్నాడు. సీసా కొన్నవారికి ఆ మాట చెప్పేవారెవరు?