మన్ననూరు గేటు దగ్గర ఆగిన రాత్రి

మార్కాపురంలో దగ్గరి బంధువుల ఇంట నిఖా. మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి బయలుదేరాలనుకున్నాం గానీ, ఇంటిల్లిపాదినీ తెమిల్చి బండి ఎక్కించేసరికి సాయంత్రం ఆరు దాటింది. అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరేటప్పటికి రాత్రి తొమ్మిదింబావు. అటవీ శాఖ వారి గేటు అప్పటికే మూసేశారు. నల్లమల గుండా శ్రీశైలం వెళ్లే ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల దాకా వాహనాలను పోనివ్వరు. ముసలివాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు అని ఎంత చెప్పుకున్నా లాభం లేకపోయింది. ఇక బండిలోనే ముడుచుకుని తెల్లవారేదాకా కూర్చున్నాం. గేటును, దాన్ని పెట్టినవాళ్లను మాలో తిట్టుకోనివారు లేరు, ఒక్క చాచా తప్ప.

చాచా ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఒకసారి ఇంకో అడవి దారిలో అర్ధరాత్రి ఆయన లారీకి కణుజు అడ్డం వచ్చిందట. ముందు అద్దం పగిలి, పక్కన కూర్చున్న క్లీనరు చెయ్యి విరిగింది. కణుజు అక్కడికక్కడే పోయింది. "గేటును తిట్టొద్దు బేటా, ఆ దార్ల గూడ ఇసొంటి గేటుంటే పిల్లగాని చెయ్యి ఇరుగుతుండెనా?" అన్నాడు చాచా. మేము మారు మాట్లాడలేదు.

ఇంటికి తిరిగి వచ్చాక ఈ విషయం గురించి కొంత తెలుసుకున్నాం. దుప్పులు, కణుజులు, అడవి పందులు ఎక్కువగా తిరిగేది పొద్దు వాలే వేళ, రాత్రిపూట, తెల్లవారుజామున. హెడ్‌లైటు వెలుగు కళ్లలో పడితే జంతువు పరుగెత్తదు, బిత్తరపోయి నిలబడిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు తొక్కి బండిని నిలిపేసరికి దాదాపు 70 మీటర్లు పోతుంది. డిమ్ లైటు అంత దూరం చూపించదు. అంటే జంతువు కనబడేసరికే ఆలస్యమైపోయిందన్నమాట. అదే 50 కిలోమీటర్ల వేగమైతే 35 మీటర్ల దగ్గరలో ఆగవచ్చు. దారి పొడుగునా పసుపు బోర్డు మీద జింక బొమ్మ పెట్టినంత మాత్రాన ఈ లెక్క మారదు. రోజూ చూసే బోర్డును కన్ను పట్టించుకోదు కూడా.

అయితే గేటు మూయడం అందరికీ సుఖం కాదు. లారీల మీద బతికే కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. కూరగాయలు, చేపలు వేసుకున్న బండి రాత్రంతా ఆగితే సరుకు పాడవుతుంది, కిరాయి పోతుంది. కర్ణాటకలోని బందీపూర్ అడవి గుండా కేరళకు పోయే జాతీయ రహదారిపై 2009లో రాత్రి 9 నుంచి 6 దాకా రాకపోకలు ఆపినప్పుడు వయనాడు వాసులు పెద్ద ఆందోళనే చేశారు. 2010లో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంబులెన్సులకు, కొన్ని బస్సులకు మాత్రం అనుమతి ఉంచారు. రెండు పక్షాల కష్టమూ నిజమే. తొమ్మిది గంటలు దారి మూస్తే జంతువు బతుకుతుంది గానీ దాని ఖర్చు లారీవాడొక్కడే భరించడం న్యాయం కాదని మా అభిప్రాయం.

బండీ ఆగకుండా, జంతువూ చావకుండా దారి వేయవచ్చునా? వేశారు, అదీ మన హైదరాబాదు మీదుగా పోయే రోడ్డు మీదనే. నిర్మల్, ఆదిలాబాదు దాటి నాగపూర్‌లో తాజుద్దీన్ బాబా దర్గాకు మనవాళ్లు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవిని చీల్చుకుంటూ పోతుంది. ఆ రోడ్డును వెడల్పు చేసినప్పుడు మహారాష్ట్ర భాగంలో తొమ్మిది చోట్ల రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద జంతువులకు బాట వదిలారు. వాటిలో అతి పెద్దది 750 మీటర్ల పొడవు. జంతువులు కింద నుంచి పోతాయా అని చాలామంది అనుమానపడ్డారు. 2019లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ వారు కింద కెమెరాలు కట్టి చూశారు. మార్చి నుంచి డిసెంబరు దాకా 18 జాతుల జంతువులు దాటుతూ కనిపించాయి. పులులే 89 సార్లు దాటాయి! కెనడాలోని బాన్ఫ్ అడవిలో రోడ్డు వెంట కంచె వేసి, పైవంతెనలు, కింది దారులు కట్టాక ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. కంచె లేకుండా ఒట్టి వంతెన కడితే జంతువు తనకు తోచిన చోటే దాటుతుందట.

నల్లమలలోనూ ఎత్తయిన రోడ్డు కట్టాలన్న ప్రతిపాదన వార్తల్లో వింటూనే ఉన్నాం. అది వచ్చేదాకా స్టీరింగు పట్టినవాడి మీదే భారం. చాచా మాకు చెప్పిన మాటల్లో రెండు ముఖ్యమైనవి. ఒక దుప్పి దాటితే దాని వెనుక మంద ఉంటుంది, కాబట్టి దాటిపోయిందిలే అని ఆక్సిలరేటరు తొక్కరాదు. రెండవది, జంతువు ఎదురైతే బ్రేకు తిన్నగా తొక్కాలి గాని స్టీరింగును పక్కకు కోయకూడదు. అలా తిప్పినవాళ్లే చెట్టుకో, ఎదురు లారీకో గుద్దుకుంటారు.

ఇంకొకటి మన ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించినది. ఘాటు రోడ్డు మీద కోతులకు అరటిపండ్లు, బిస్కట్లు విసురుతూ సవాబు అనుకుంటాం. తిండి దొరికే చోటని అవి రోడ్డు మీదే కాపురం పెడతాయి. పిల్లలను పొట్టకు కరుచుకున్న తల్లికోతులు చక్రాల కింద పడేది అందువల్లనే. ఇక గుద్దుకుని చచ్చిన దుప్పిని డిక్కీలో వేసుకుపోయే ఘనులు కూడా ఉన్నారు. అది మనకు ముర్దార్ అన్నది అటుంచి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దెబ్బ తిన్న జంతువు కనబడితే దగ్గరకు పోకుండా, వెనక వచ్చే బండ్లకు తెలిసేలా లైట్లు వేసి, దగ్గరి చెక్‌పోస్టులో చెప్పాలి.

ఉదయం ఆరింటికి గేటు ఎత్తారు. చాచా స్టీరింగు తన చేతిలోకి తీసుకుని నలభై దాటనివ్వలేదు. ఒక మలుపులో పన్నెండు చుక్కల దుప్పులు ఒకదాని వెంట ఒకటి రోడ్డు దాటాయి. పిల్లలు లెక్కపెట్టారు. నిఖాకు ఆలస్యంగానే చేరాం, చివాట్లూ తిన్నాం. తిరుగు ప్రయాణంలో మాత్రం పగలే మార్కాపురం విడిచి, పొద్దుండగానే మన్ననూరు దాటాం. కోతుల కోసం కొన్న బిస్కట్ల పొట్లం అమ్మీ అచ్చంపేట వచ్చాకనే విప్పింది, పిల్లలకు.