మంచు కురిపించేది వెచ్చటి సముద్రమే!

మంచు కురవాలంటే ఏం కావాలి? చలి అని టక్కున చెప్పేస్తాం. మరి జపాన్ ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న అయోమోరి సంగతి చూడండి. జనవరిలో కూడా అక్కడ సగటు ఉష్ణోగ్రత సున్నాకి కాస్త కింద, అంతే. అక్షాంశం చూస్తే దాదాపు న్యూయార్క్‌దే. అయినా ఏటా మొత్తం కలిపి 5 మీటర్లకు పైనే మంచు పడుతుంది. అదీ రెండున్నర లక్షల మందికి పైగా ఉండే ఊళ్లో!

కిటుకంతా సముద్రంలో ఉంది. చలికాలంలో సైబీరియా నుంచి ఎముకలు కొరికే పొడిగాలి బయల్దేరుతుంది. దారిలో జపాన్ సముద్రం తగులుతుంది. దక్షిణం నుంచి వచ్చే సుషిమా ప్రవాహం వల్ల ఆ నీళ్లు గాలికంటే చాలా వెచ్చగా ఉంటాయి. చలికాలం పొద్దున్నే చెరువు మీద పొగలు లేస్తాయి కదా, అక్కడ సముద్రమంతా అదే తంతు. ఆ ఆవిరి తాగేసిన గాలి హక్కోడ కొండలెక్కుతూ మోసుకొచ్చిందంతా మంచుగా దింపేస్తుంది. ఆ కొండల్లోని సుకాయు దగ్గర 2013 ఫిబ్రవరిలో నేలమీద పేరుకున్న మంచు 566 సెంటీమీటర్లు. 1902లో శిక్షణ కోసం అదే కొండల్లోకి వెళ్లిన 210 మంది సైనికుల్లో 199 మంది మంచు తుపానుకు చనిపోయారు.

రీల్స్‌లో ఇదంతా భలే అందంగా ఉంటుంది. నాకు మాత్రం బరువే కనిపిస్తుంది. పేరుకుని గట్టిపడ్డ మంచు ఒక ఘనపు మీటరు దాదాపు 300 కిలోలు తూగుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద మీటరు మందాన పేరుకుందంటే 15 టన్నులు! దించకపోతే ఇల్లు నిలవదు. ట్రాఫిక్ లైట్లు కూడా అక్కడ నిలువుగా పెడతారు, అడ్డంగా ఉంటే మంచు ఎక్కువ పేరుకుంటుందని.

భూమి వేడెక్కితే ఈ బాధ తగ్గుతుందా? మొత్తం మంచు తగ్గొచ్చు గానీ, వెచ్చబడ్డ సముద్రం ఆవిరి ఎక్కువిస్తుంది కాబట్టి ఒక్కసారిగా కుమ్మరించే రోజులు కొన్నిచోట్ల పెరగొచ్చని శాస్త్రవేత్తల భయం.

అప్పుడు కప్పు ఎక్కేదెవరు? కుర్రాళ్లు చదువులకీ ఉద్యోగాలకీ టోక్యో వైపు వెళ్లిపోతున్నారు. జపాన్‌లో మంచు వల్ల చనిపోయేవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లే, అదీ ఎక్కువగా మంచు తీస్తూనే. తాడు కట్టుకోండి, ఒంటరిగా ఎక్కొద్దు అని చలికాలమంతా చెబుతూనే ఉంటారు. ఇంట్లో ఉన్నదే ఒక్క ముసలాయన అయితే, కింద నిలబడి తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషేడీ?