కొండ దిగుటలోని నేర్పు

సైకిలుపై కొండ యెక్కుట కష్టమనియు, దిగుట సులభమనియు మనమందఱము తలంచుచుందుము. మేమును అట్లే తలంచియుంటిమి. గడచిన శీతకాలమున ననంతగిరి యడవిలో నొకదినము గడపినపిమ్మట ఆ తలంపు మాఱినది.

సైకిళ్లను వ్యానుపై వేసికొని, ఎనమండుగురు విద్యార్థులతో కర్మన్‌ఘాట్ నుండి తెల్లవాఱకముందే బయలుదేఱితిమి. అనంతగిరి వికారాబాదు చెంత, హైదరాబాదునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. మన చైతన్యపురి ప్రక్కగా బాఱు మూసీనది పుట్టినది ఆ కొండలలోనే. అటవీశాఖవారి యనుమతి గైకొని, ఎఱ్ఱమట్టి బాటపై దిగ నారంభించితిమి. బాటనిండ గులకరాళ్లు, ఎండుటాకులు, చెట్లవేళ్లు.

రెండవ మలుపున నొక బాలుని వెనుకచక్రము బిగిసి జాఱగా, వాడు పొదలో బడెను. మోకాలు చెక్కుకొనిపోయెను. చూడగా, ముందుబ్రేకు రబ్బరు పూర్తిగ నరిగియుండెను. బయలుదేఱునపుడు చక్రములలో గాలిని చూచితిమి గాని బ్రేకులను చూడమైతిమి. ఆ తప్పు మాది.

గాయమును కడిగి కట్టుకట్టుచుండగా వాడు, "సార్, బ్రేకు గట్టిగానే పట్టితిని గదా! సైకిలేల జాఱెను?" అని యడిగెను. అందఱిని చెట్టునీడను గూర్చుండబెట్టి యిట్లు చెప్పితిమి.

దొర్లుచున్న చక్రము నేలను పట్టుకొనును; బిగిసిన చక్రము జాఱును. పల్లమున బరువు ముందునకు ఒఱగును గనుక వెనుకచక్రము తేలికయై వేగముగ బిగియును. కావున రెండు బ్రేకులను, మలుపునకు ముందే, మెల్లమెల్లగా నొక్కవలెను. ముందుబ్రేకును ఒక్కసారిగ బిగించినచో తలక్రిందులగుదుము. ఆసనమునుండి లేచి, పెడళ్లు సమముగ నుంచి, మోకాళ్లు, మోచేతులు వంచి, దేహమును వెనుకకు జరుపవలెను. వేగము రెట్టింపైనచో ఆగుటకు నాలుగురెట్ల దూరము పట్టును.

మఱియొకటి. సైకిలుతోగూడ 60 కిలోల బరువుగల బాలుడు 100 మీటర్ల యెత్తు దిగి ఆగినచో, ఆ శక్తి దాదాపంతయు వేడిగా మాఱును. ఆ వేడి 30 డిగ్రీల వెచ్చదనముగల గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్ల, నీటిని మరుగుస్థితికి దెచ్చుటకు చాలును. 1976లో అమెరికాయందలి కాలిఫోర్నియాలో, టామల్పయిస్ కొండ ప్రాంతమున, యువకులు పాతసైకిళ్లపై అడవిబాటను దిగుచు పందెములు వేసికొనిరి. వెనుకచక్రపు ఇరుసులోనున్న బ్రేకు వేడెక్కి, అందలి గ్రీజు పొగయైపోయెడిది. ప్రతి పందెమునకు పిమ్మట గ్రీజును మఱల నింపవలసివచ్చుటచే ఆ పందెమునకు 'రీప్యాక్' అను పేరు వచ్చినది.

పిమ్మట ప్రతి సైకిలు బ్రేకును పరీక్షించి, బిగించి, మెల్లగా దిగితిమి. ఎవరును పడలేదు. గాయపడిన బాలుడు సైకిలు నడిపించుకొనుచు మాతో నడచివచ్చెను. మేమును దిగి వానితో నడచితిమి.

మఱునాటి యుదయమున పాఠశాల సైకిళ్ల షెడ్డులో నొకడు వంగి, వరుసగా నొక్కొక్క బ్రేకును నొక్కి చూచుచుండెను. వాని మోకాలికి కట్టుండెను.