ఏ అబ్బాయిల పక్కన?

మా తరగతి గదిలో ఎడమవైపు బెంచీలు అమ్మాయిలవి, కుడివైపువి అబ్బాయిలవి. ఇలా కూర్చోవాలని విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఎక్కడా లేదు. బడిలో అలవాటైంది. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి కార్పొరేట్ కళాశాలలు ఏకంగా క్యాంపస్‌లనే విడదీశాయి. ఎం.ఎ. చదివే ఇరవై రెండేళ్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే విడిపోయి కూర్చుంటున్నారు. దీన్ని మనం సిగ్గు అంటాం, క్రమశిక్షణ అంటాం, మరీ నిలదీస్తే సంస్కృతి అంటాం. చాలాకాలం నేనూ దీన్ని స్త్రీ పురుష సంబంధాల సమస్యగానే చూశాను. ఒక ఫోన్ కాల్ ఆ చూపును మార్చింది.

నాలుగేళ్ల కిందట గ్రామీణ సర్వే కోసం విద్యార్థులను హాజరుపట్టీ వరుసలో నలుగురేసి చొప్పున బృందాలుగా విభజించాను. మూడో రోజు ఒక విద్యార్థిని తండ్రి ఫోన్ చేశారు. ‘అమ్మాయిని వేరే బృందంలో వేయండి సార్. మగపిల్లలతో ఊళ్లు తిరగడం మా ఇళ్లలో బాగుండదు’ అన్నారు. మరో బృందంలో వేస్తాను గానీ అందులోనూ ఇద్దరు అబ్బాయిలున్నారని చెప్పాను. ‘వాళ్ల ఇంటిపేర్లేమిటి సార్?’ అని అడిగారు. చెప్పాను. ‘అయితే ఫర్వాలేదండి, మనవాళ్లే’ అన్నారు. ఆ ‘మన’లో నేను లేనన్న సంగతి ఆయనకు తెలియదు.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని ఆచార్యుడినైన నేను ఆ మార్పు చేశాను. సెమిస్టర్ ముగుస్తోంది, గొడవెందుకనుకున్నాను. జాబితాలో కారణం దగ్గర ‘పాలనాపరం’ అని రాశాను. మొదటి బృందంలోని దళిత విద్యార్థి, ఆమె చేయవలసిన ఇళ్ల సర్వే కూడా తానే పూర్తిచేసి ఇచ్చాడు. మార్పు ఎందుకని అడగలేదు. అడగనవసరం లేనంతగా అతనికి తెలుసు. ఇక ఆ అమ్మాయిని, నాతో సహా, ఎవరూ ఏమీ అడగలేదు.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో ‘భారతదేశంలో కులాలు’ పత్రం చదివేనాటికి అంబేడ్కర్ పాతికేళ్ల విద్యార్థి. కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉందనీ, దాన్ని నిలబెట్టడానికే స్త్రీని కట్టడి చేశారనీ ఆయన అందులో వాదించారు. ఆ పత్రాన్ని ఏళ్ల తరబడి పాఠంగా చెబుతున్నాను. నా గదిలోని బెంచీల వరుసకూ దానికీ ఉన్న సంబంధం మాత్రం ఆ ఫోన్ వచ్చేదాకా తట్టలేదు. అమ్మాయిలకూ అబ్బాయిలకూ మధ్య ఉన్న ఆ నడవ పెళ్లి సంబంధాల సరిహద్దు. అందరికీ అది ఒకే వెడల్పులో ఉండదు.

ఆ సరిహద్దు దాటితే ఏమవుతుందో మన విద్యార్థులకు తెలుసు. తమిళనాడులోని తిరుచెంగోడులో 2015 జూన్‌లో గోకుల్‌రాజ్ అనే దళిత ఇంజనీరింగ్ పట్టభద్రుడు, తనతో చదువుకున్న గౌండర్ కులపు అమ్మాయితో గుడిలో మాట్లాడుతూ కనిపించాడు. అతన్ని ఎత్తుకెళ్లి చంపి రైలు పట్టాలపై పడేశారు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను చంపించినవాడు అమృత కన్నతండ్రి. ఆ ఇద్దరి పరిచయం బడిలో మొదలైంది.

దళిత విద్యార్థినుల సంగతి వేరు. అగ్రకుల అబ్బాయి ఒక దళిత అమ్మాయితో క్యాంటీన్‌లో గంటలు గంటలు కూర్చున్నా, అతని ఇంటి నుంచి నాకు ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు. ఆ స్నేహం పెళ్లి దాకా రాదన్న ధీమా అది. ఆ ధీమా ఎవరి అవమానం మీద నిలబడిందో ఆ అమ్మాయికి తెలుసు. (మన దళిత బహుజన అబ్బాయిలకు కోపం వచ్చినా ఒకటి చెప్పాలి. తమ కులపు అమ్మాయి ఎవరితో మాట్లాడిందో ఆరా తీసి ఆమె అన్నకు చేరవేసేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ పనిని ఆత్మగౌరవం అనలేం.)

కులవివక్షపై ఫిర్యాదులకు 2012 నాటి యూజీసీ నిబంధనలున్నాయి. లైంగిక వేధింపులపై 2015 నాటివి ఉన్నాయి. కుల ఫిర్యాదు ఒక గదికి, స్త్రీల ఫిర్యాదు మరో గదికి వెళ్తాయి. నా జాబితాలోని ఆ ‘పాలనాపరం’ అనే మాటను పట్టుకుని ఆ విద్యార్థి ఏ గది తలుపు తట్టగలిగేవాడు? కులం పేరు ఎక్కడా లేదు, దూషణ లేదు, సాక్షి లేడు. ఉన్నదల్లా మర్యాదగా మాట్లాడిన ఒక తండ్రి, మర్యాదగా తలూపిన ఒక ఆచార్యుడు. బృందాల మార్పు కోరేవారు కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలనీ, ఆ కాగితాన్ని రెండు కమిటీలూ కలిసి చూడాలనీ మా విభాగ సమావేశంలో ప్రతిపాదించాను. ఇంకా చర్చలోనే ఉంది.

ఈలోగా నా కోర్సు వివరణ పత్రంలో ఒక వాక్యం చేర్చాను: బృందాలు హాజరుపట్టీ ప్రకారమే, మార్పులు లేవు. ఈ సంవత్సరం రెండు ఫోన్లు వచ్చాయి. కారణం రాసివ్వమన్నాను. ఇద్దరూ రాసివ్వలేదు. ఆ అమ్మాయిలలో ఒకరు వైద్య ధ్రువపత్రం తెచ్చి సర్వేకు రావడం మానేశారు. రెండో అమ్మాయి మర్నాడు పొద్దున అందరికంటే ముందే బస్సు దగ్గరికి వచ్చింది.