మిరప కోతల రోజుల్లో ముఖము శుభ్రపరచుకొనుటకు ఇంటి నూనె

కోటప్పకొండ తిరునాళ్ళ మహాశివరాత్రికి జరుగును. చుట్టుపక్కల గ్రామాల నుంచి ప్రభలు కదలివచ్చే ఆ రోజులే ఈ ప్రాంతంలో మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులు కూడా. ముందునాటి సాయంత్రం వరకు చేలో కాయ కోసి, కళ్ళంలో తాలు ఏరి, పొద్దుగూకిన తర్వాత ఇల్లు చేరిన స్త్రీలు తలంటి పోసుకొని, ముఖానికి పసుపు రాసుకొని తిరునాళ్ళకు బయలుదేరవలెనని ఆశపడతారు. తీరా వేడినీళ్ళు మీద పడేసరికి చెంపలు, ముక్కు పక్కలు, రెప్పల అంచులు భగ్గుమంటాయి. సబ్బు రుద్దితే మంట మెడకు, చెవులకు దిగును. "పోస్తే చల్లారే మంట కాదు నాయనా ఇది, నీళ్ళు పోసేకొద్దీ పాకుద్ది" అని కొండ కింది ఊరిలో ఒక పెద్దావిడ మాతో అన్నది. ఆమె చెప్పినది అక్షరాలా నిజము. ఆ మంటకు కారణమేమో, ఇంట్లో ఉండే నూనెలతో దానిని తొలగించుకొను విధానమేదో, ఆ నూనె వాడకూడని సందర్భాలు ఏవో ఇక్కడ వివరిస్తున్నాము.

మంట ఎక్కడిది?

మిరపకాయ కారానికి మూలమైన పదార్థాన్ని కాప్సైసిన్ అంటారు. కారమంతా గింజలో ఉన్నదని చాలామంది నమ్మకము. నిజానికి అది గింజలు అంటిపెట్టుకొని ఉండే తెల్లని మెత్తని భాగములో తయారగును. గింజకు అంటిన కారము అక్కడిదే. కాయ కోసేటప్పుడు నలిగిన కాయల నుంచి ఇది వేళ్ళకు, గోళ్ళ సందులకు చేరును. ఎండుకాయ తొడిమలు తీసేటప్పుడు, తాలు ఏరేటప్పుడు, టిక్కీలలో తొక్కేటప్పుడు దుమ్ముగా లేచి చెమట పట్టిన ముఖం మీద, పాపిటలో, చెవుల వెనుక కూర్చుండును. తేజ వంటి ఘాటు రకాలు వేసిన చేలల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

ఈ పదార్థము నీటిలో దాదాపు కరగదు. నూనెలో, నేతిలో బాగుగా కరుగును. ఉత్త నీళ్ళు పోసి చేత్తో రుద్దినప్పుడు అది పోదు, చోటు మారును. ముందుగా చేతులు శుభ్రము చేసుకొనక ముఖము కడుగుకొంటే వేళ్ళకున్న కారము కూడా ముఖానికి చేరును. సబ్బు దీనిని కొంత వదలించగలదు గాని, అలసి వచ్చిన మనిషి ఒక్కసారి రుద్దుకొని కడిగేసుకొనే సబ్బు చాలదు.

వేడినీళ్ళ సంగతి వేరు. చర్మములోని నరాల చివరలలో వేడిని కనిపెట్టే ద్వారాల వంటివి ఉన్నవి. కాప్సైసిన్ పోయి సరిగ్గా ఆ ద్వారాలనే తెరచును. అందుచేతనే కారము తగిలిన చోట కాలకపోయినా కాలినట్లుండును. ఆపైన గోరువెచ్చని నీరు పోసినా కాగిన నీరు పోసినట్లు తోచును. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ 1997లో ఈ ద్వారమును కనుగొన్నది మిరపలోని ఈ పదార్థము సహాయముతోనే. 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఆయనకు, స్పర్శను గ్రహించే ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి ఇచ్చారు. మనకు కావలసినది ఇంతవరకే: కోత నుంచి వచ్చిన సాయంత్రం ముందు నూనె, తర్వాత పిండి, ఆ తర్వాత చన్నీళ్ళు. వేడినీళ్ళ స్నానము మంట పూర్తిగా పోయిన తర్వాతనే.

నూనె తయారు చేయుట

నువ్వుల నూనె 3 పాళ్ళు, ఆముదము 1 పాలు కలుపవలెను. 150 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 50 మిల్లీలీటర్ల ఆముదమన్నమాట. మనిషికి ఒక పూటకు ముఖానికి 1 చెంచా, చేతులకు 2 చెంచాలు పట్టును. ఇద్దరు కోతకు వెళ్ళే ఇంటికి ఈ 200 మిల్లీలీటర్లు సుమారు వారము రోజులు వచ్చును. నువ్వుల నూనె ఖరీదైనది గనుక చేతులకు వేరుశనగ నూనెయో, ఇంట్లో ఉన్న మరే వంటనూనెయో వాడినా పని జరుగును. అయితే అది వాడని నూనె కావలెను. మిరపకాయ బజ్జీలు వేసిన మూకుడులోని నూనె ఇందుకు పనికిరాదని వేరే చెప్పనవసరము లేదనుకుంటాము.

రెండు నూనెలు ఎందుకని అడుగవచ్చును. నువ్వుల నూనె ఒక్కటే రాస్తే పలుచగా జారి కండ్లలోకి దిగును. ఆముదము ఒక్కటే అయితే బంకగా పట్టుకొని, తుడిచినా కడిగినా ఒక పట్టాన వదలదు. ఈ పాళ్ళలో కలిపినది రాసిన చోట నిలుచును, తుడిస్తే వచ్చును. చర్మము బాగా పొడిబారి పగుళ్ళు తేలినవారు ఆముదము సగానికి తగ్గించుకొనవచ్చును. మొటిమలు ఎక్కువగా ఉన్నవారు నూనె ఎక్కువసేపు ముఖాన ఉంచుకొనకూడదు; కొబ్బరినూనె వారికి అసలు మంచిది కాదు.

ఆముదము కోసం బజారుకు పోనక్కరలేని రైతులు ఎందరో ఉన్నారు. మిరప, ప్రత్తి చేల గట్ల మీద ఆముదపు మొక్కలను ఎర పంటగా వేయవలెనని చాలా కాలము నుంచి చెప్పుచున్నాము. పొగాకు లద్దె పురుగు తల్లి వాటి ఆకుల మీద గుడ్లు పెట్టును. గుడ్ల సముదాయాలు ఉన్న ఆకులను, పిల్ల పురుగులు గీకి జల్లెడలా చేసిన ఆకులను ఏరి నాశనము చేస్తే పురుగు చాలావరకు అదుపులోకి వచ్చును. గట్టు మీద ఆ మొక్కలే కాయ కాస్తే ఇంటికి ఆముదము దొరుకును. గింజలను దోరగా వేయించి, దంచి, నీటిలో మరిగించి, పైకి తేలిన నూనెను తీసి, నీటి తడి పోయేవరకు మరల కాచి వడకట్టుకొనే వంటాముదము పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. ఒక్క జాగ్రత్త తప్పదు. ఆముదపు గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషము ఉన్నది. అది నూనెలోకి దిగదు, పిండిలో నిలిచిపోవును. ఆ పిండిని పొలానికి ఎరువుగా వేయవచ్చును గాని, పశువులకు పెట్టరాదు, కోళ్ళు మెసలే చోట పడవేయరాదు. గింజలను పిల్లల చేతికి అందనీయరాదు.

రెండు నూనెలను తడిలేని గాజు సీసాలో పోసి, బాగుగా కుదిపి, ఎండ తగలని చోట ఉంచవలెను. మేలు చేయునని పచ్చి వేపాకు, పచ్చి పసుపు కొమ్ము అందులో వేసి ఉంచేవారున్నారు. వాటిలోని తడి వల్ల సీసాలో బూజు పట్టును. నూనెకు మక్కువాసన వస్తే ముఖానికి వాడక దీపానికి వాడుకొనవలెను. వేపనూనె, కానుగనూనె, ఆవనూనె ముఖానికి వద్దు. కర్పూరము చల్లగా ఉండునని కలిపేవారు కూడా ఉన్నారు. కారము తగిలిన చర్మానికి అది మరొక మంట, ఇంట్లో పసిబిడ్డలుంటే ప్రమాదము కూడా.

నలుగు పిండి

నూనె కారమును కరిగించి తనలో ఉంచుకొనును, అంతే. ఆ నూనెను చర్మం మీద అట్లే వదిలితే కారము కూడా అక్కడే ఉండును. దానిని పీల్చి తీసుకొనిపోవుటకు పిండి కావలెను. పెసలు అర కిలో, పచ్చిసెనగపప్పు పావు కిలో, బియ్యము 100 గ్రాములు, ఎండు పసుపు కొమ్ములు 25 గ్రాములు ఎండబెట్టి, మెత్తగా పట్టించి, జల్లించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకొనవలెను.

పిండి పట్టించే మర విషయము మరచిపోరాదు. మిరప కోతల కాలములోనే ఊళ్ళో అందరూ సంవత్సరానికి సరిపడే కారము పట్టించుకుంటారు. కారము పట్టిన మరలో వెంటనే నలుగు పిండి పట్టిస్తే, ఏ మంటను వదిలించుకొనుటకు ఇంత శ్రమ పడుతున్నామో ఆ మంటనే డబ్బాలో పోసి ఇంటికి తెచ్చుకున్నట్లగును. కోతలు మొదలు కాకముందే, సంక్రాంతికి పిండి వంటల కోసం బియ్యము పట్టించే రోజులలో, ఇది కూడా పట్టించుకొనుట మేలు.

సున్నిపిండిలో సువాసనకు కచ్చూరాలు, బావంచాలు వేయుట ఆచారము. ఎండలో పనిచేసేవారు బావంచాలు వేసుకొనకూడదు. వాటిలోని ఒక పదార్థము చర్మాన్ని ఎండకు తట్టుకోలేనట్లు చేయును. అది రాసుకొని చేలోకి పోతే బొబ్బలు లేచి, తర్వాత నల్లని మచ్చలు మిగులును. ముఖానికి నిమ్మరసము రుద్ది ఎండలోకి పోయినా ఇటువంటి బాధయే కలుగును. పట్టణాల్లో నీడపట్టున ఉండేవారి అలవాట్లను చేలో పనిచేసేవారు అనుకరించనక్కరలేదు.

వాడే పద్ధతి

మొదటిసారి వాడేవారు మోచేతి మడతలో ఒక చుక్క నూనె రాసి మరునాటి వరకు చూడవలెను. దురద, దద్దు లేకుంటే వాడవచ్చును.

ఇల్లు చేరగానే తలగుడ్డను, పై బట్టలను బయటనే దులిపి విడువవలెను. నీరు తగలకముందే, పొడి గుడ్డతో ముఖం మీది దుమ్మును అద్దినట్లు తీయవలెను, రుద్దరాదు. తర్వాత చేతులు. రెండు చెంచాల నూనె పోసుకొని వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ, మణికట్టు వరకు రెండు నిమిషాలు పట్టించి, పిడికెడు పొడి పిండి చల్లుకొని నలిపితే పిండి ఉండలు కట్టి రాలిపోవును. ఆ తర్వాత సబ్బుతో కడుగవలెను. చేతివేలిని పెదవికి ఆనించి చూడండి. చురుక్కుమంటే చేతులకు ఇంకొకసారి ఇదే పని చేయవలెను. చేతులు శుభ్రము కాకుండా ముఖము జోలికి పోరాదు.

ముఖానికి ఒక చెంచా నూనె చాలును. కండ్లు మూసుకొని నుదురు, చెంపలు, గడ్డము, మెడ, చెవుల వెనుక మెల్లగా రాయవలెను. రెప్పల మీద, కంటి కొనలలో రాయరాదు. ఒకటి రెండు నిమిషాల తర్వాత పాత నేతచీర ముక్కతో మెత్తగా తుడిచి, గుడ్డను మడత మార్చుతూ ప్రతిసారి శుభ్రమైన వైపుతోనే మరల తుడువవలెను. చన్నీళ్ళతో జారుగా కలిపిన పిండిని రాసి, ఆరనీయకుండా వెంటనే చన్నీళ్ళతో కడుగవలెను. ఎండిన పిండిని నలిచి రాల్చితే మంట మీద మంట. ఇంకా మండుచున్నచో మరొకసారి నూనె నుంచి మొదలుపెట్టవచ్చును.

నూనె ఎప్పుడు వాడకూడదు?

ఇది అన్నిటికంటె ముఖ్యము. మిరప పైరుకు పురుగుమందుల వాడకము ఎక్కువ. మందు కొట్టిన మనిషి, మందు మీద పడిన మనిషి ఒంటికి నూనె రాయనే కూడదు. చాలా మందులు నూనెలో కరిగేవి. చర్మానికి నూనె పట్టిస్తే మందు లోపలికి ఇంకుటకు దారి చేసినట్లగును. అప్పుడు చేయవలసినది తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో, ధారాళమైన నీటితో కనీసము 15 నిమిషాలు కడుగుట. తల తిరుగుడు, వాంతి, చెమటలు, చూపు మసకబారుట కనిపిస్తే మందు డబ్బా మీది చీటీతో సహా ఆసుపత్రికి పోవలెను.

మందు కొట్టిన చేలో ఆ మందుకు నిర్ణయించిన గడువు దాటేవరకు కాయ కోయించరాదు. ఎప్పుడు కొట్టారో తెలియని చేలో కూలికి పోయిన స్త్రీలు మొదట సబ్బుతో బాగుగా కడుగుకొని, ఆ తర్వాత కూడా కారపు మంట మిగిలితేనే నూనె వాడుకొనవలెను. ఎప్పుడు మందు కొట్టినదీ ముందుగా చెప్పుట చేను రైతు బాధ్యత. అడుగుట కూలి తప్పు కాదు.

కంటిలో కారము పడితే నూనె పోయరాదు, చేత్తో నలుపరాదు. శుభ్రమైన చన్నీటితో 15 నిమిషాలు ధారగా కడుగవలెను. మంట, ఎరుపు తగ్గకపోతే వైద్యునికి చూపవలెను. చర్మము చిట్లినా, బొబ్బలెక్కినా, ఊపిరి ఆడక ఆయాసము వచ్చినా ఇంటి వైద్యము పనికిరాదు.

చంటిబిడ్డ తల్లులు

కోత నుంచి వచ్చిన తల్లిని చూడగానే బిడ్డ చేతులు చాచును. ఎత్తుకొని పాలు పట్టిన మరుక్షణమే గుక్కపట్టి ఏడ్చిన బిడ్డలను చూశాము. ఇంట్లోవారు దిష్టి అన్నారు, కడుపునొప్పి అన్నారు. బిడ్డ పెదవుల చుట్టూ ఎర్రగా కందిన చోటు చూస్తే సంగతి తెలియును. చేతులు, ముఖము, మెడ పైన చెప్పినట్లు శుభ్రము చేసుకొని, రొమ్మును సబ్బుతో, చన్నీటితో కడుగుకొని, రవిక మార్చుకొని బిడ్డను ఎత్తుకొనవలెను. అంతవరకు పది పదిహేను నిమిషాలు బిడ్డను అమ్మమ్మయో, నాయనమ్మయో, తండ్రియో పట్టుకొనవలెను. తండ్రి కూడా కళ్ళం నుంచే వస్తే ఆయనకు ఇదే నియమము.

బిడ్డకు కారము తగిలితే ఈ నూనె ముఖమంతా రాయవద్దు. శుభ్రమైన గుడ్డ అంచును ఉత్త నువ్వుల నూనెలో ముంచి, కందిన చోటనే అద్ది తుడిచి, తడిగుడ్డతో మరల తుడువవలెను. బిడ్డ ఏడుపు మానకపోయినా, పాలు తాగకపోయినా వైద్యునికి చూపవలెను.

నూనె తుడిచిన గుడ్డలను సబ్బు నీళ్ళలో విడిగా నానబెట్టి ఉతుకవలెను. బిడ్డ పక్కబట్టలతో కలిపి వేయరాదు. కోతలు ముగిసిన తర్వాత ఆ గుడ్డలను దాచుకొనక పారవేయుట మంచిది.